ముందు సర్వనామం తేల్చుకోండి

ప్రశ్న: మా తాతయ్య 50 ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నారు. ఇప్పుడు చూపు తగ్గిపోతోంది. ఆయన మీద ఒక డాక్యుమెంటరీ తీయాలని 7 నెలలుగా, వీలు దొరికినప్పుడల్లా చిత్రీకరిస్తున్నాను. 31 గంటల ఫుటేజ్ పోగయింది. ఒక కెమెరా, విడిగా ఒక చిన్న సౌండ్ రికార్డరు, నేను. మా బృందం ఇంతే. తీరా ఎడిటింగ్‌కు కూర్చుంటే చేయి ఆడడం లేదు. డాక్యుమెంటరీలలో ఆరు రకాలున్నాయని చదివాను, నాది ఏ రకమో తెలియడం లేదు. వ్యాఖ్యానం పెడితే పాతకాలపు వార్తాచిత్రంలా ఉంటుందని ఒక స్నేహితుడు అంటున్నాడు. ఏ జోక్యమూ లేకుండా దూరంగా ఉండి తీసినదే అసలైన డాక్యుమెంటరీ అని ఇంకొకరు అంటున్నారు. అలాగే తీయాలని చూశాను గానీ, తాతయ్య మాటిమాటికీ ఇటు తిరిగి “ఇలా రామ్మా, ఈ మూత కాస్త పట్టుకో” అంటారు. నేను కెమెరాను బల్ల మీద పెట్టి వెళ్తాను. అలా పాడైన ఫుటేజే నాలుగైదు గంటలుంటుంది. ఇంకో సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఒకరోజు ఒక చేతి గడియారంలో సన్నటి స్ప్రింగును అమర్చలేక ఆయన పట్టకారు కింద పెట్టేసి, “ఇక చాలునమ్మా” అన్నారు. ఆ తరువాత మళ్లీ పనికి కూర్చోలేదు. సరిగ్గా అంతకు కొద్ది నిమిషాల ముందే నా కెమెరా బ్యాటరీ అయిపోయింది. మర్నాడు అడిగితే మళ్లీ చేసి చూపించారు, మళ్లీ అదే మాట అన్నారు. చాలా బాగా వచ్చింది. దాన్ని వాడుకోవచ్చా, లేక అది మోసమా? (పేరు వద్దన్న ఒక పాఠకురాలు)

సమాధానం: మీ ఉత్తరంలో ‘పాడైన ఫుటేజ్’ అన్న మాట దగ్గర ఆగి, దానికి ముందున్న వాక్యాలను మళ్లీ చదివాను. తాతయ్య పిలుస్తారు. మీరు కెమెరాను బల్ల మీద పెట్టి వెళ్తారు. ఆ కెమెరా ఆగకుండా నడుస్తూనే ఉండి ఉంటుంది. ఏ గోడనో, సగం బల్లనో, మీ మోచేతినో పట్టుకొని ఉంటుంది. ఎక్కడినుంచో మీ ఇద్దరి మాటలు వినిపిస్తూ ఉంటాయి. ఇరవై ఏళ్లుగా ఇతరులు తీసిన ఫుటేజ్ ముందు కూర్చోవడమే నా వృత్తి కాబట్టి చెబుతున్నాను, ఎడిటర్లు కాచుకొని కూర్చునేది ఇలాంటి ముక్కల కోసమే. వాటిని తీసేసి ఉంటే ఈ పేజీ ఇక్కడే ఆపి, వెళ్లి వెనక్కి తెచ్చుకోండి.

ఫ్రెంచి దర్శకురాలు ఆన్యెస్ వర్దా 2000లో ఒక చిన్న డిజిటల్ కెమెరా పట్టుకొని, ఇతరులు వదిలేసినవాటిని ఏరుకునే మనుషుల గురించి ఒక డాక్యుమెంటరీ తీశారు. ఒకచోట ఆమె కెమెరా ఆపడం మరిచిపోయి నడుస్తుంటే, దానికి వేలాడే లెన్స్ మూత నేల మీద ఊగుతూ రికార్డయింది. ఎవరైనా పారేసే షాట్ అది. ఆమె దానికి సంగీతం జోడించి మూత నాట్యం చేస్తున్నట్టు సినిమాలో పెట్టుకున్నారు. ఏరుకోవడం గురించిన సినిమాలో తను పారేయవలసిన షాట్‌ను తనే ఏరుకున్నారన్నమాట. మీ పాడైన ఫుటేజ్‌లో కూడా అలాంటి పొందిక ఒకటి ఉందని నా అనుమానం. అక్కడికి తరువాత వస్తాను.

ముందు ఆ ఆరు రకాల సంగతి. అది బిల్ నికల్స్ అనే అమెరికన్ సినిమా పండితుడి వర్గీకరణ. కవితాత్మకం, వ్యాఖ్యాన ప్రధానం, పరిశీలనాత్మకం, తీసేవారు కూడా పాల్గొనే భాగస్వామ్య పద్ధతి, తన తయారీని తానే బయటపెట్టుకునే పద్ధతి, తీసినవారి సొంత అనుభవం మీదే నిలబడే పద్ధతి. 1991లో ఆయన నాలుగే చెప్పారు. 2001 నాటి పుస్తకానికి అవి ఆరయ్యాయి. గీసినవారే గీతలు జరుపుకున్నారంటే అవి దాటకూడని సరిహద్దులేమీ కావు. పూర్తయిన సినిమాను అర్థం చేసుకోవడానికి అది మంచి పనిముట్టు. నేనూ వాడతాను. సగంలో ఉన్న సినిమాను ముందుకు నడపడానికి మాత్రం అంతగా అక్కరకు రాదు. వ్యాకరణం చదివి ఎవరూ మాట్లాడడం నేర్చుకోలేదు కదా.

వ్యాకరణం అన్నాను కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం. కొత్తగా ఒక సినిమా నా దగ్గరికి వస్తే దర్శకులను నేను శైలి గురించి అడగను. ఈ సినిమాలో సర్వనామం ఏమిటి అని అడుగుతాను. చాలామంది నవ్వుతారు. తరువాత ఆలోచనలో పడతారు. మీ సినిమా మీ తాతయ్యను ఏమని పిలుస్తుంది? ‘ఆయన’ అనా, ‘మా తాతయ్య’ అనా, ఎదురుగా కూర్చోబెట్టుకొని ‘మీరు’ అనా? లేక ఏ సర్వనామమూ లేకుండా ఊరుకుంటుందా? ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు సినిమాలు పుడతాయి. ఫుటేజ్ అదే అయినా సరే.

‘ఆయన’తో మొదలుపెడితే మాట్లాడేవారు తెర వెనక, ఎక్కడో ఎత్తున ఉంటారు. ఆ మాట్లాడేవారికి అన్నీ తెలుసు. ప్రేక్షకులకు చెబుతుంటారు. తెర మీది మనిషికి ఆ సంభాషణలో చోటు లేదు. మీ స్నేహితుడు పాతకాలపు వార్తాచిత్రం అన్నది దీన్నే. అతనిది పూర్తిగా తప్పు కాదు. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో కొందరు కార్మికుల మీద తీసిన ఒక చిత్రానికి ఎడిటింగ్ చేశాను. ఎక్కడ కాస్త నిశ్శబ్దం కనిపించినా భయం వేసి గంభీరమైన గొంతుతో వ్యాఖ్యానం నింపేశాం. ప్రదర్శనకు ఆ చిత్రంలో కనిపించిన ఒక పెద్దాయనను కూడా పిలిచాం. అంతా చూసి ఆయన ఒకే ఒక్క మాట అడిగారు: “నేను మాట్లాడుతుంటే మధ్యలో దూరిపోయే ఆ బాబు ఎవరండీ?” ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

అయినా వ్యాఖ్యానాన్ని తీసిపారేయమని చెప్పను. అది చేయగలిగే పని ఎంత పెద్దదో ఫ్రెంచి దర్శకుడు క్రిస్ మార్కర్ 1957లో తన సైబీరియా చిత్రంలో చూపించారు. ఒక వీధిలో బస్సు, కారు, రోడ్డు పని చేస్తున్న కూలీలు. అవే షాట్లను మూడుసార్లు వరుసగా వేసి మూడు రకాల వ్యాఖ్యానం వినిపించారు. మొదటిది పొగడ్త, రెండోది తెగడ్త, మూడోది నిష్పక్షపాతంగా ఉన్నట్టు కనిపించేది. ఒకసారి సుఖంగా బతుకుతున్నట్టు కనిపించిన మనుషులే ఇంకోసారి దీనంగా కనిపిస్తారు. బొమ్మలో ఒక్క ఫ్రేము కూడా మారలేదు. నిష్పక్షపాతంగా చెప్పింది కూడా ఒక పక్షమేనని అర్థమయ్యేది మూడోసారి చూసినప్పుడే. వ్యాఖ్యానం పాతబడిందనేవారికి నేను చెప్పేది ఇదే. పాతబడింది ఆ సర్వజ్ఞుడి గొంతు మాత్రమే, గొంతు అనేది కాదు. మీరు వ్యాఖ్యానం రాస్తే ఒక్క నియమం పెట్టుకోండి. బొమ్మ చెప్పేది మాట చెప్పకూడదు. తాతయ్య భూతద్దం కంటికి పెట్టుకుంటుంటే ‘భూతద్దం పెట్టుకుంటారు’ అని చెప్పడం ప్రేక్షకులను అవమానించడం. ఆ భూతద్దాన్ని చిన్నప్పుడు మీరు దొంగతనంగా పెట్టుకొని చూసి ఉంటే అది చెప్పండి. బొమ్మకు ఆ సంగతి తెలియదు.

ఇక సర్వనామమే లేని పద్ధతి. మీ రెండో సలహాదారు గొప్పగా చెప్పినది. దీని పుట్టుకలో సిద్ధాంతం ఎంత ఉందో పనిముట్లూ అంతే ఉన్నాయి. 1960 ప్రాంతంలో భుజాన మోయగల 16 ఎం.ఎం. కెమెరాలు, వాటితో జతగా నడిచే చిన్న టేప్ రికార్డర్లు వచ్చాయి. అంతకుముందు కెమెరా ఉన్నచోటికి మనుషులు రావలసి వచ్చేది. అప్పటినుంచి మనుషులున్న చోటికి కెమెరా వెళ్లడం మొదలైంది. 1960లోనే అమెరికాలో రాబర్ట్ డ్రూ బృందం, పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థి కావాలని పోటీపడుతున్న కెనెడీ, హంఫ్రీల ప్రాథమిక ఎన్నికల ప్రచారాన్ని అలా వెంటపడి తీసింది. జనంలోనుంచి నడుస్తున్న కెనెడీ తల వెనకే కెమెరా వెళ్లే ఆ పొడవాటి షాట్‌ను ఇప్పటికీ పాఠంగా చెబుతారు. అమెరికన్ దర్శకుడు ఫ్రెడరిక్ వైజ్‌మన్ ఈ దారిలోనే మరో మెట్టు ఎక్కారు. 1967 నుంచి ఆయన సంస్థల మీద తీసిన సినిమాలలో వ్యాఖ్యానం లేదు, ఇంటర్వ్యూ లేదు, బయటినుంచి తెచ్చి కలిపిన సంగీతమూ లేదు. కానీ ఒక్కో సినిమా ఎడిటింగ్‌కు నెలలకు నెలలు పట్టేది. జోక్యం లేదు అనుకునే చోట అసలు జోక్యమంతా ఎడిటింగ్ బల్ల మీద జరుగుతుందని ఆయనే దాచుకోకుండా చెప్పేవారు.

ఈ పద్ధతి మీద నాకు చాలా గౌరవం ఉంది. కానీ అది కొన్ని షరతులు పెడుతుంది. కెమెరా ఉన్నా లేకపోయినా అక్కడ ఏదో ఒకటి జరుగుతూ ఉండాలి. తీసేవారిని మరిచిపోయేంత పనిలో అందరూ మునిగి ఉండాలి. ఆసుపత్రిలోనో కోర్టులోనో తరగతి గదిలోనో అది కుదురుతుంది. మీ గదిలో ఉన్నది ఇద్దరే. అందులో ఒకరికి చూపు ఆనడం లేదు, ఆయనే రెండో మనిషిని దగ్గరికి పిలుస్తున్నారు. గోడకు అతుక్కున్న బల్లిలా చూస్తూ ఉండాలని మీరు ప్రయత్నించారు. ఆ గదిలో బల్లి లేదు, మనవరాలు ఉంది. ఆయన పిలిచిన ప్రతిసారీ మీరు ఆ ముక్కను తీసేస్తే, చివరికి ఒంటరిగా కూర్చొని పనిచేసుకునే ఒక వృద్ధుడి సినిమా మిగులుతుంది. చూసేవారికి జాలి కలుగుతుంది. అది మాత్రం అబద్ధం. ఏ వ్యాఖ్యానమూ చెప్పలేనంత పెద్ద అబద్ధం. ఎందుకంటే నిజంగా ఆయన ఒంటరిగా లేరు. మూత పట్టుకోవడానికి మీరున్నారు.

కాబట్టి మీ సర్వనామం ‘మీరు’ అని నాకు అనిపిస్తోంది. ఆ పద్ధతికి పెద్దలు ఫ్రాన్స్‌కు చెందిన దర్శకుడు జాన్ రూష్, సామాజిక శాస్త్రవేత్త ఎడ్గార్ మొరాన్. 1960 వేసవిలో పారిస్‌లో దారినపోయేవారిని ఆపి, మీరు సుఖంగా ఉన్నారా అని అడిగిస్తూ ఒక సినిమా తీశారు. ఆ ప్రశ్న అడగడమే జోక్యం. వారు దాన్ని దాచలేదు. కెమెరా ఉంది కాబట్టే బయటపడే నిజాలు కొన్ని ఉంటాయన్నది వారి వాదన. సినిమా చివర్లో అందులో కనిపించినవారందరినీ కూర్చోబెట్టి తీసినదంతా చూపించారు. నటించావని ఒకరిని, మరీ బట్టబయలు చేసుకున్నావని ఇంకొకరిని తోటివారే తప్పుపట్టారు. ఆ తగువునూ సినిమాలో పెట్టారు. డ్రూ బృందమూ రూష్ బృందమూ దాదాపు ఒకే రకం పనిముట్లు ఒకే కాలంలో చేత పట్టాయి, పూర్తిగా ఎదురెదురు దారుల్లో నడిచాయి. పనిముట్లు దారి తెరుస్తాయి, అంతవరకే.

అయితే నా అనిపింపును మీరు నమ్మనక్కరలేదు. పరీక్షించి చూడండి. తాతయ్య చేతులు మాత్రమే కనిపించే ఒక నిమిషం షాట్ తీసుకోండి. దానికి ఆరు వాక్యాలు మూడు విధాలుగా రాయండి. ఒకటి ‘ఆయన’తో, ఒకటి ‘మా తాతయ్య’తో, ఒకటి ‘తాతయ్యా, మీరు…’ అని. బట్టల బీరువా తెరిచి దాని ముందు కూర్చొని మీ గొంతుతోనే రికార్డు చేయండి. వేలాడే బట్టలు గది గింగురును తాగేస్తాయి, స్టూడియో అక్కర్లేదు. నాలుగోసారి ఏ మాటా లేకుండా చూడండి. ‘ఆయన’ అన్నప్పుడు మీ గొంతు మీకే పరాయిగా వినబడితే జవాబు దొరికినట్టే. ‘మీరు’ అన్నప్పుడు గొంతు వణికితే కంగారుపడకండి. కానీ సినిమా అంతా వణకనివ్వకండి. ప్రతి నిమిషమూ తడిగా ఉంటే ప్రేక్షకులు తుడుచుకోవడంలోనే ఉంటారు, చూడరు.

‘మేము’, ‘మనం’ అనే మాటలతో కూడా జాగ్రత్త. మన భాషకు ఉన్న ఈ తేడా డాక్యుమెంటరీకి ఎంత పదునైనదో చాలామంది గమనించరు. ‘మేము ఆ గదిలో పెరిగాం’ అంటే ప్రేక్షకులు గుమ్మం బయట నిలబడి వింటారు. ‘మనం వస్తువులను పారేయడానికి అలవాటుపడ్డాం’ అంటే వారిని అడగకుండానే లోపలికి లాగి నేరం మోపినట్టు. మొదటిది అప్పుడప్పుడూ అవసరం. రెండోది వ్యాసాలకు సరిపోతుంది గానీ మీ సినిమాకు వద్దు. పాత గడియారాల విలువ గురించి ఉపన్యాసం ఇవ్వాలనే కోరిక ఎడిటింగ్‌లో మూడో వారానికి తప్పక పుడుతుంది. పుట్టినప్పుడు లేచి అటూ ఇటూ నడిచి రండి.

కవితాత్మక పద్ధతి గురించి రెండు మాటలు చాలు. పళ్లచక్రాలు, లోలకాలు, ముళ్ల మీద పడే వెలుతురు మీ దగ్గర తప్పకుండా గంటల కొద్దీ ఉండి ఉంటాయి. అందంగానూ ఉంటాయి. డచ్ దర్శకుడు యోరిస్ ఇవెన్స్ 1929లో వాన మీద తీసిన చిన్న చిత్రంలో నెలల తరబడి తీసిన ఎన్నో వానలను ఒకే జల్లుగా కూర్చారు. ఆ కూర్పు వల్ల అది నిలబడింది, ఒక్కో షాట్ అందం వల్ల కాదు. మీ చక్రాల షాట్లు ఒక సన్నివేశానికీ ఇంకో సన్నివేశానికీ మధ్య ఊపిరి తీసుకోవడానికి పనికొస్తాయి. వాటి మీదే సినిమా నడిపించాలనుకోవద్దు.

ఇప్పుడు మీరు సిగ్గుపడిన విషయం. మళ్లీ చేయించడం ఈ కళలో కొత్తేమీ కాదు. 1895లో ఫ్రాన్స్‌లో లూమియేర్ సోదరులు తమ ఫ్యాక్టరీ నుంచి కార్మికులు బయటికి వస్తున్న దృశ్యం తీశారు. సినిమా చరిత్ర మొదటి పేజీలో ఉండే ఆ దృశ్యానికే మూడు రూపాలున్నాయి. అంటే ఆ కార్మికులు కెమెరా కోసం ఒకసారి కాదు, మూడుసార్లు బయటికి వచ్చారు. 1922లో విడుదలైన ‘నానూక్’ చిత్రాన్ని అమెరికన్ దర్శకుడు రాబర్ట్ ఫ్లాహర్టీ ఉత్తర కెనడా ఇన్యూట్ ప్రజల మీద తీసేటప్పుడు ఇగ్లూ (మంచు ఇల్లు) లోపల వెలుతురు చాలలేదు. అందుకని పెద్ద ఇగ్లూ ఒకటి కట్టించి సగం తెరిచి ఉంచారు. ఆ చలిలో కుటుంబం నిద్ర లేస్తున్నట్టు నటించింది. అది నిజం కుటుంబం కూడా కాదు. అప్పటికే తుపాకులు వాడుతున్న ఇన్యూట్ ప్రజల చేత పాతకాలపు బల్లాలతో వేట చేయించారు. 1936లో తపాలా రైలు మీద బ్రిటన్‌లో తీసిన ప్రసిద్ధ చిత్రంలో ఉత్తరాలు వేరుచేసే రైలు పెట్టె స్టూడియోలో కట్టినది. అందులో ఉన్నది నిజం తపాలా ఉద్యోగులే. రైలు కదులుతున్నట్టు కనిపించడానికి వారిని అటూ ఇటూ ఊగమన్నారు.

ఈ మూడింటిలో నన్ను బాధపెట్టేది ఫ్లాహర్టీ వేట ఒక్కటే. ఊగిన తపాలా ఉద్యోగులు రోజూ చేసే పనినే చేశారు. ఎప్పటికీ జరుగుతూ ఉండే పనిని కెమెరాకు వీలుగా ఇంకోసారి చేయడం అది. వేటలో మాత్రం, ఆ మనుషులు మానేసిన బతుకును ఇంకా బతుకుతున్నట్టు ప్రపంచానికి చూపించారు. మీ విషయంలోనూ అదే గీటురాయి పెట్టి చూడండి. మూత తెరవడం, కీ ఇవ్వడం, స్క్రూ బిగించడం లాంటివి దగ్గరినుంచి మళ్లీ తీసుకోవడానికి ఎన్నిసార్లు అడిగినా తప్పులేదు. ఆయన వాటిని వేలసార్లు చేశారు. “ఇక చాలునమ్మా” అన్నది ఒక్కసారే జరిగింది. మర్నాడు ఆయన అన్నది ఆ మాట కాదు, ఆ మాటను గుర్తుచేసుకొని మీ కోసం అన్న మాట. అది ‘చాలా బాగా’ వచ్చిందంటున్నారు చూశారూ, నాకు అనుమానం వచ్చింది అక్కడే. మొదటిసారి బహుశా అంత బాగా అని ఉండరు. గొణిగి ఉంటారు, సగంలో మింగి ఉంటారు.

దాన్ని అసలు సంఘటనగా వాడితే మోసమే. కానీ పారేయమనడం లేదు. మర్నాటి రికార్డింగ్‌ను కాస్త ముందునుంచి వేయండి. “తాతయ్యా, నిన్న బ్యాటరీ అయిపోయింది, ఇంకోసారి చేస్తారా?” అని మీరు అడిగిన మాట అందులో ఉంటే దాన్నీ ఉంచండి. ఆయన మొహంలో ఏం కదిలిందో చూడనివ్వండి. వృత్తి వదిలేసిన మర్నాడు, మనవరాలి సినిమా కోసం ఒక మనిషి మళ్లీ ఆ కుర్చీలో కూర్చొని, మళ్లీ ఆ స్ప్రింగును పట్టకారుతో ఎత్తడానికి ప్రయత్నించి, మళ్లీ ఓడిపోయి చూపించాడు. అసలు క్షణం కన్నా ఇది తక్కువ సంగతి అని నేను అనుకోను. మూత పట్టుకోమని ఆయన మిమ్మల్ని పిలిచిన ముక్కలన్నీ ముందు చూసి వచ్చిన ప్రేక్షకులకు, ఈసారి సాయం అడిగింది మీరని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఇందాక చెప్పిన పొందిక ఇదే.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, అది ఇంతకన్నా కష్టమైనది. మీ గదిలో నడిచే గడియారాలున్నాయి. టిక్ టిక్ శబ్దం లయ తప్పదు. మీరు కోసిన ప్రతిచోటా లయ తప్పుతుంది. బొమ్మలో కోతను ఎంత నేర్పుగా దాచినా చెవి పట్టేస్తుంది. మామూలుగా ఏ గదిలోనైనా ఎవరూ మాట్లాడకుండా రెండు మూడు నిమిషాల గది శబ్దం రికార్డు చేసుకొని సన్నివేశం కింద ఏకధాటిగా పరిస్తే కోతలు కప్పుకుపోతాయి. మీకు అది పనిచేయదు. మాటల వెనక అప్పటికే ఒక టిక్ టిక్ ఉంటుంది, కింద పరిచినది ఇంకోటి. రెండూ వాదించుకుంటాయి. ఒకే గడియారం నడుస్తుంటే కోతను సెకనులో కొంత అటో ఇటో జరిపి లయ కలపవచ్చు. ఓపిక ఉంటే కుదిరే పనే. నాలుగైదు నడుస్తుంటే ఎవరి వల్లా కాదు.

అప్పుడు రెండే దారులు. తక్కువ కోయండి. షాట్‌ను నాలుగైదు నిమిషాలు అలాగే నడవనివ్వండి. అంటే మీ సినిమా శైలిని మీరూ నికల్సూ కాకుండా గోడ మీది గడియారాలు నిర్ణయిస్తాయి. నాకైతే ఆ ఆలోచన చాలా నచ్చింది. లేదా ఇకముందు తీసే సంభాషణలకు లోలకాలన్నీ ఆపి, టిక్ టిక్‌లను ఒక్కొక్కటిగా విడిగా రికార్డు చేసుకోండి. అలా చేస్తే ఆపడం కూడా తీయండి. 50 ఏళ్లు గడియారాలను నడిపించిన మనిషి మీ మైకు కోసం ఒక్కొక్కదాన్నీ ఆపుకుంటూ వెళ్లే షాట్ మీ దగ్గర ఉండి తీరాలి. ఇంకో చిన్న జాగ్రత్త. ఒకే సన్నివేశంలో కనిపించే గడియారం ముళ్లు మీరు ముక్కలను ముందువెనకలు చేశారని పట్టిచ్చేస్తాయి. ఆగిపోయిన గడియారం పక్కన కూర్చోబెడితే ఆ బెడద తప్పుతుంది.

ఇంటర్వ్యూ కోసం ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి దీపాలు పెట్టకండి. చేతులకు ఏదో ఒక పని ఇచ్చి మాట్లాడించండి. కళ్లు అక్కర్లేని పని అయితే మరీ మంచిది. పాత గొలుసులు తుడవడమో, స్క్రూలను పరిమాణం బట్టి వేళ్లతో వేరుచేయడమో. మీ ప్రశ్నలను తీసేయకండి. ప్రశ్న తీసేస్తే ఆయన లోకానికి చెబుతున్నట్టు ఉంటుంది, ఉంచితే మీకు చెబుతున్నట్టు ఉంటుంది.

మొదటి కూర్పు 50 నిమిషాలు వస్తుంది, ఇది నా అంచనా. 25కు తగ్గించండి. తగ్గించాక ముందుగా చూపించవలసింది స్నేహితులకు కాదు, తాతయ్యకు. ఆయనకు తెర సరిగ్గా కనిపించకపోవచ్చు. పక్కన కూర్చొని, ఎక్కడ ఏం కనిపిస్తోందో నెమ్మదిగా చెబుతూ వినిపించండి. వేళ్లు తడబడే ముక్కలు నలుగురూ చూడడం ఆయనకు సమ్మతమేనా అని అప్పుడు అడగండి. తీస్తున్నప్పుడు సరే అన్న మనిషికి, చూశాక వద్దు అనే హక్కు ఉంటుంది. వద్దంటే ఆ ముక్క పోతుంది. దానికి వాదన పెట్టుకోకండి. ఆయన చెప్పే మాటలను కూడా ఆ రోజు రికార్డు చేసి పెట్టుకోండి. రూష్ చేసినట్టు అవి సినిమాలోకి రావచ్చు, రాకపోనూ వచ్చు.

చివరిగా, అమెరికన్ దర్శకుడు ఎర్రల్ మోరిస్ 1988 నాటి ‘ది థిన్ బ్లూ లైన్’ సంగతి. డల్లాస్‌లో 1976లో జరిగిన ఒక పోలీసు అధికారి హత్య మీద తీసిన సినిమా అది. ఒక్కో సాక్షి చెప్పినదాన్ని ఒక్కో విధంగా నటింపజేసి, ఆ కథనాలు ఒకదానితో ఒకటి ఎలా పొసగవో చూపించారు. శిక్ష పడిన వ్యక్తి మరుసటి ఏడాది విడుదలయ్యాడు. నేను చెప్పబోయేది అది కాదు. అసలు దోషి అని సినిమా వేలెత్తి చూపే మనిషితో ఆఖరి సంభాషణ రోజున మోరిస్ కెమెరా పనిచేయలేదు. దొరికింది శబ్దం మాత్రమే. ఆ సినిమాకు ప్రాణమైన ఆ నిమిషాల్లో తెర మీద కనిపించేది తిరుగుతున్న ఒక చిన్న టేప్ రికార్డరు, అంతే.

మీ దగ్గర విడిగా ఒక సౌండ్ రికార్డరు ఉందని రాశారు. దానికి వేరే బ్యాటరీ ఉంటుంది. కెమెరా ఆగిపోయినప్పుడు దాన్ని ఆపినట్టు మీరు ఎక్కడా రాయలేదు. ఆ రోజు తేదీతో ఉన్న ఫైలు తెరిచి, హెడ్‌ఫోన్ పెట్టుకొని చివరిదాకా వినండి. మాట దొరికితే, నల్లటి తెర మీదో ఖాళీ కుర్చీ మీదో దాన్ని ఉన్నది ఉన్నట్టు వినిపించండి. వెనక టిక్ టిక్‌తో సహా.